వన్స్ మోర్ అంకుల్

మొన్న శనివారం కాన్‌బెరాలో మా గంగాలిన్ సూపర్ మార్కెట్‌లో బెండకాయలు ఏరుకుంటున్నాను. కొస విరిచి చూస్తేగాని లేతదో ముదురుదో తెలీదు. విరిస్తే ఆ షాపువాళ్ళకి నచ్చదు. అందుకని అటూ ఇటూ చూస్తూ దొంగతనంగా విరుస్తున్న సమయంలో పైన స్పీకర్లోంచి పియానో మొదలైంది. నా చేతులు ఆగిపోయాయి. ఆ పాట అయిపోయేదాకా బెండకాయల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. అయిపోగానే నాకు తెలీకుండానే నా నోట్లోంచి "వన్స్ మోర్" అని వచ్చేసింది, కాస్త గట్టిగానే. పక్కన టమాటాలు చూస్తున్న ఒక తెల్లావిడ తన ట్రాలీని వెనక్కి లాక్కుంది. స్పీకరు మాత్రం నన్ను ఖాతరు చెయ్యకుండా, ఈ వారం చికెన్ చవకని చెప్పింది.

ఆ మాట నాది కాదు. హారిసన్‌లో మా వెనక వీధిలో ఉండి, పోయిన చలికాలంలో కాలం చేసిన ఒక పెద్దాయనది. పేరు చెప్పను. చెప్పినా మావాళ్ళలో సగంమందికి తెలీదు. వన్స్ మోర్ అంకుల్ అంటేనే తెలుస్తుంది.

నేను కోతలరాయుణ్ణని మా హారిసన్‌లో పిల్లలకి కూడా తెలుసు. ఒక ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేస్తాను. అక్కడ పొద్దుటినుంచీ నిజాలే రాయాలి. కాబట్టి సాయంత్రాలు కాస్త వెసులుబాటు తీసుకుంటాను. ఆయన్ని మొదటిసారి చూసిన రోజు కూడా అలాంటి వెసులుబాటులోనే ఉన్నాను. ఎవరింట్లోనో బార్బెక్యూ. మా ట్రామ్ స్టాపులో పొద్దున్నే ఒక కంగారూ వచ్చి బుద్ధిగా క్యూలో నిలబడిందనీ, పొట్టసంచిలోంచి కార్డు తీసి మిషనుకి తాకించి ఎక్కిందనీ, సిటీ రాగానే అందరికీ దారిచ్చి చివర్న దిగిందనీ చెప్పాను. విన్నవాళ్ళు నవ్వి, ప్లేట్లు పట్టుకుని పొయ్యి వైపు జరిగారు. మూల కుర్చీలో, గడ్డం కింద తాడు బిగించుకునే వెడల్పాటి టోపీ పెట్టుకున్న పెద్దాయన మాత్రం కదల్లేదు. చూపుడువేలు పైకెత్తి, "వన్స్ మోర్," అన్నారు.

అబద్ధాలకోరుకి అంతకన్నా సన్మానం ఏముంటుంది? మళ్ళీ అందుకున్నాను. కార్డు దగ్గరికి రాగానే ఆయన ఆపారు.

"ఇందాక కుడిచేత్తో తీసిందన్నావు. ఇప్పుడు ఎడమచెయ్యంటున్నావు."

"అబద్ధమే కదంకుల్, ఏ చెయ్యయితే ఏముంది?"

"వన్స్ మోర్ అంటే అదే పద్యం మళ్ళీ పాడాలయ్యా, ఇంకో పద్యం కాదు. అబద్ధమని పాదం మార్చేస్తావా?"

ఆయనది తెనాలి పక్క. అక్కడ పద్యనాటకం అంటే ఏమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. వేషగాడు పద్యం ఎత్తుకుంటాడు. చివర్న రాగం తీస్తాడు. అది మాటలన్నీ అయిపోయాక మిగిలే గొంతు. హార్మోనియం వెంటపడుతూ ఉంటే అలా పైకీ పైపైకీ వెళ్ళి దిగుతుంది. నచ్చితే జనం వన్స్ మోర్ అని అరుస్తారు. కథ అక్కడితో ఆగిపోతుంది. ప్రాణం పోతున్న పాత్ర అయినా సరే, లేచి మళ్ళీ అదే పద్యం పాడి, మళ్ళీ పోవాలి. ఈ లోకంలో మనుషులకి ఇవ్వగలిగిన బహుమతి ఇదొక్కటేనని అంకుల్ నమ్మకం. ఉద్యోగమంతా ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన, ఎండలు మండే డార్విన్‌లో కరెంటు ఇంజనీరుగా చేసి, భార్య పోయాక కూతురి దగ్గర ఉండటానికి కాన్‌బెరా వచ్చారు. డార్విన్ నుంచి తెచ్చుకున్నది ఆ టోపీ, తెనాలి నుంచి తెచ్చుకున్నది ఆ మాట. ఇక్కడ ఎండేదీ అని ఎవరైనా అడిగితే, అక్కడ ఎండకి పెట్టుకున్నాను, ఇక్కడ అలవాటుకి పెట్టుకున్నాను అనేవారు.

మా తెలుగు సంఘం ఉగాది కార్యక్రమాలకి ఆయన వస్తున్నారంటే కార్యదర్శికి గుండెదడ. ఉపన్యాసాలప్పుడు చెవి మిషను తీసి జేబులో వేసుకునేవారు, పాటలప్పుడు మళ్ళీ చెవికి పెట్టుకునేవారు. కాబట్టి ఎవరి మాటకి ఎంత విలువో హాలంతటికీ కనబడిపోయేది. పిల్లల డాన్సుకి వన్స్ మోర్ అన్నారంటే భోజనాలు వెనక్కి జరిగినట్టే. ఒకసారి ఒక చిట్టిపిల్ల పాట సగంలో మర్చిపోయి ఏడుపు మొహం పెట్టింది. హాలంతా బిగుసుకుపోయింది. అంకుల్ వేలెత్తి వన్స్ మోర్ అన్నారు. ఆ పిల్ల అదేదో తన గొప్పే అనుకుని, మొదటినుంచీ ఎత్తుకుని చివరిదాకా పాడేసింది.

ఇక సూపర్ మార్కెట్‌లో నన్ను ఆపేసిన ఆ పాట పాడిన ఇంగ్లీషు పిల్ల సంగతి. అంకుల్ వాళ్ళమ్మాయి ఈయన్ని మోకాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ కారులో ఒక బ్రిటిష్ గాయని పాటలు పెట్టింది. ఆ పిల్లకి అది రెండో ఆల్బమట. మొదటిదానితో పెద్ద పేరొచ్చింది, రెండోది పోతుందని అందరూ కాచుక్కూర్చున్నారట. ఆల్బం కన్నా ముందు అందులోంచి మూడు పాటలు ఒక్కొక్కటిగా వదిలారట. కూతురు ఇంగ్లీషులో చెప్పిన ఈ సమాచారాన్ని ఆయన తెనాలి భాషలోకి దింపుకున్నారు. నాటకం వస్తోందంటే ముందు రిక్షాకి మైకు కట్టి, హీరో చేత ఒక పద్యం ముక్క పాడిస్తూ ఊరంతా తిప్పేవారు. ఈ సింగిల్స్ అనేవి ఆ రిక్షా పద్యాలే అని తేల్చారు. మొదటిది జనాన్ని పోగెయ్యడానికి, కాళ్ళు ఆడించేది. రెండోది ప్రేమ చెడిపోయినవాళ్ళ కోసం. మూడోది మాత్రం పద్యమే. పియానో తప్ప ఇంకేమీ ఉండదు. మాటలన్నీ అయిపోయాక ఆ పిల్ల ఊరుకోదు. గొంతు విప్పి అలా ఎత్తుకుపోతుంది.

"ఆ పిల్ల రాగం తీస్తోందయ్యా," అన్నారు నాతో, ఇంట్లో దొంగని పట్టుకున్నట్టు. "దానికి తెలీదు తను పద్యం పాడుతోందని."

శనివారాలు ఆయన్ని నేనే కారులో రైతుల సంతకి తీసుకెళ్ళేవాణ్ణి. సీటుబెల్టు పెట్టుకోగానే, "మూడోది పెట్టు," అనేవారు. పాట పేరు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. పాట మొదలవగానే కళ్ళజోడు తీసి గుప్పిట్లో పెట్టుకునేవారు. రాగం దగ్గరికి వచ్చేసరికి గడ్డం మెల్లగా పైకి లేచేది, తనే మోస్తున్నట్టు. అయిపోగానే వేలెత్తి వన్స్ మోర్. నేను బటను నొక్కాలి. తను నొక్కేవారు కాదు, అడగటం మన పని, పాడటం ఆవిడ పని అనేవారు. పాట దానంతటదే మళ్ళీ మళ్ళీ వచ్చేలా పెట్టవచ్చని నేను నా కంప్యూటరు తెలివి చూపించబోతే కసిరేశారు. అడక్కుండా పాడితే దానికి మర్యాదేముందట. ఇంటినుంచి సంతకి వెళ్ళేలోగా ఆ పిల్ల చేత నాలుగుసార్లు పాడించేవారు. ఒక్కోసారి కారు ఆపాక కూడా దిగకుండా కూర్చునేవాళ్ళం. పాలకూరలన్నీ అమ్ముడైపోయేవి.

అంతలో ఆ పిల్ల ఆస్ట్రేలియా వస్తోందని తెలిసింది. రెండో ఆల్బం పాటలతో ఊరూరా తిరుగుతూ, మాకు కొన్ని గంటల దూరంలో ఉన్న ద్రాక్షతోటలో ఒక ఆదివారం మధ్యాహ్నం పాడుతుందట. వాళ్ళమ్మాయి రెండు టికెట్లు కొని, తనకి ఆఫీసు క్యాంపు ఉందని ఒకటి నా చేతిలో పెట్టింది. ఇక అంకుల్ సాధన మొదలైంది. ఆరుబయట, అంతమందిలో, ఆ పిల్ల చెవిన పడేలా వన్స్ మోర్ అనటం ఎలాగ? నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని మా పెరట్లో అరిచి చూసేవారు. పక్కింటి కుక్క సమాధానం చెప్పేది. ఇక్కడ ఎవరూ అలా అరవరంకుల్, ఈలలేస్తారు అన్నాను.

"అది వాళ్ళ మాటే కదయ్యా. మనకిచ్చి వాళ్ళు మర్చిపోయారు. ఈసారి తిరిగిచ్చి వద్దాం."

కచేరీ ఇంకో వారం ఉందనగా కబురొచ్చింది. ఆ పిల్ల గొంతు దెబ్బతింది. డాక్టర్లు మాట్లాడటం కూడా వద్దన్నారు. ఊరూరా ఆటలన్నీ రద్దు.

ఆ శనివారం కారెక్కి బెల్టు పెట్టుకున్నారు. అలవాటు చొప్పున నేను మూడోది పెట్టబోయాను. ఆయన నా చెయ్యి మీద చెయ్యి వేశారు.

"వద్దు. పడుకోనీ."

అది రికార్డింగే కదంకుల్ అన్నాను. ఆయన్ని కాస్త నవ్విద్దామని ఒక కథ ఎత్తుకున్నాను. లండన్‌లో మన గుంటూరు డాక్టరొకాయన ఆ పిల్లకి మిరియాల కషాయం పట్టిస్తున్నాడనీ, తాగిన రోజే ఆమె అరగంట తెలుగు మాట్లాడిందనీ, అదీ ఎక్కడా తడబడకుండా అనీ. ఎంత బాగా చెప్పానో నాకు తెలుసు. ఆయన వేలెత్తలేదు. చాల్లే అన్నారు, అంతే. సంత దాటి వెళ్ళిపోయినా దిగుదామనలేదు. అప్పుడు చెప్పారు, వాళ్ళన్నయ్య సంగతి.

ఆయనకో అన్న ఉండేవాడట, నాటకాల్లో వేషాలు కట్టేవాడు. చుట్టుపక్కల అంత గొంతు లేదనేవాళ్ళు. ఒకసారి సొంత ఊళ్ళోనే నాటకం. తమ్ముడు ముందు వరసలో చాప మీద కూర్చున్నాడు. అన్న పద్యం ముగించి రాగం దించగానే వన్స్ మోర్ అని మొదట అరిచింది తమ్ముడే. మా అన్న అని గర్వం. జనం అందుకున్నారు. అన్న మళ్ళీ పాడాడు. మళ్ళీ అరిచారు. అప్పటికే జలుబుతో ఉన్నాడని తమ్ముడికి తెలుసు, కానీ ఊరంతా తన అన్నని అడుగుతుంటే ఆపబుద్ధి కాలేదు. అన్న కాదనలేదు, జనం అడిగితే కాదనటం ఆ రోజుల్లో లేదు. ఆఖరిసారి పై స్థాయికి వెళ్ళేచోట గొంతు బట్ట చినిగినట్టు చినిగింది. మరిక అతుక్కోలేదు. తర్వాత ఆ మనిషి ఎరువుల కొట్టు పెట్టుకుని, మెల్లగా, గాలిపోయినట్టు మాట్లాడుతూ బతికాడు.

"నన్ను ఒక్కమాట అనలేదయ్యా. ఉత్తరం రాస్తే, ఆ దేశంలో పాటలు ఎలా ఉంటాయిరా అని అడిగేవాడు."

మరి ఇక్కడికొచ్చి అందర్నీ వన్స్ మోర్ అనేవారెందుకు అని అడగాలనిపించింది. అడగక్కర్లేకుండా ఆయనే చెప్పారు. పిల్లల ఆటలకీ, నా కోతలకీ ఎవరి గొంతూ పోదు. కారులో పాట మిషనే కదా అనుకున్నారు. ఆ ద్రాక్షతోటకి వెళ్ళి అరుద్దామనుకున్నప్పుడు మాత్రం, ఇన్నేళ్ళకి అన్న సంగతి నిజంగానే మరుపుకొచ్చిందట. మర్చిపోగలిగినందుకు లోపల్లోపల సంతోషంగా కూడా ఉందట.

"మిషను వెనకాల ఒక గొంతు ఉంటుంది కదయ్యా. అది నాకు తట్టలేదు."

ఆ తర్వాత చాలా శనివారాలు మా కారులో పాట లేదు. సంఘం కార్యక్రమానికి వచ్చి చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు. భోజనాలు వేళకి అయ్యాయి. కార్యదర్శి సంతోషించాడు గానీ, రెండు డాన్సులయ్యాక తనే ఒకసారి అంకుల్ కుర్చీ వైపు చూశాడు.

వేసవి మొదట్లో ఆ పిల్ల గొంతు బాగుపడింది. మళ్ళీ అదే ద్రాక్షతోటలో కచేరీ, పాత టికెట్లే చెల్లుతాయన్నారు. ఈలోగా అంకుల్ చేతికి కర్ర వచ్చింది. నాలుగడుగులకి ఒకసారి ఆగి గాలి పీల్చుకుంటున్నారు. వాళ్ళమ్మాయి వద్దంది. ఆయన వెళ్తానన్నారు, ఒక షరతు పెట్టారు. నేనూ అరవకూడదు, ఆయనా అరవరు. ఆమె పాడినంతవరకు విని, ఇష్టంగా చప్పట్లు కొట్టి, లేచి వచ్చెయ్యాలి. ఒక గాయని ఎదురుగా కూర్చుని, ఆమెని ఏమీ అడక్కుండా రావాలి, మూడోది ఒక్కటి ఆమె నోట వింటే చాలు. ఆ కోరిక అంత స్పష్టంగా ఆ రోజు నాతో చెప్పారు.

చిన్న కొండ మీద వాలుగా ఉన్న గడ్డి, అటూ ఇటూ ద్రాక్ష వరసలు, కింద వేదిక. జనం దుప్పట్లు పరుచుకుని, ముక్కులకి తెల్లగా సన్‌స్క్రీన్ పూసుకుని, ఎస్కీలనే ఐసుపెట్టెల్లోంచి సీసాలు తీస్తున్నారు. ఆ ఒక్కరోజు అంకుల్ టోపీ సరైన చోట ఉంది. నేను తెచ్చిన మడత కుర్చీలో కూర్చుని, చెవి మిషను సరిచేసుకుని, కర్రని కాళ్ళ మధ్య నిలబెట్టుకున్నారు.

ఆ పిల్ల వచ్చింది. అనుకున్నంత పొడగరి కాదు. మొదటి సింగిల్ పాడింది, కొండంతా లేచి ఆడింది. మధ్యలో ఏవేవో పాడింది, రెండోది పాడింది. పక్కన దుప్పటి మీద ఎవరో నిజంగానే ఏడ్చారు. గొంతు పైకి వెళ్ళినప్పుడల్లా అంకుల్ వేళ్ళు కర్ర మీద బిగుసుకునేవి. ఆమె ఆగి నీళ్ళు తాగితే, "తాగమ్మా, తాగు," అని గొణిగేవారు. మూడోది ఇంకా రాలేదు. ఆయన కళ్ళజోడు తీసి గుప్పిట్లో సిద్ధంగా పెట్టుకున్నారు. అంతలో ఆ పిల్ల అందరికీ చెయ్యి ఊపి, థ్యాంక్యూ చెప్పి, వాద్యాలవాళ్ళతో సహా తెర వెనక్కి వెళ్ళిపోయింది.

జనం ఊరుకున్నారా? కాళ్ళతో నేలని తన్నుతూ, ఇంకొకటి, ఇంకొకటి అని కొండ దద్దరిల్లేలా అరిచారు. నేను పక్కకి తిరిగేసరికి అంకుల్ లేచి నిలబడి ఉన్నారు. మా ముందు ఎండకి ఎర్రబడిన ఒక లావుపాటి మనిషి గొంతు చించుకుంటున్నాడు. అంకుల్ అతని భుజం తట్టి, ఇంగ్లీషులో, ఆ పిల్లని ఇంటికి వెళ్ళనివ్వండి మేట్, గొంతు ఈమధ్యే బాగైంది అన్నారు. అతను జోకనుకుని ఆయన వీపు మీద చరిచి మరింత గట్టిగా అరిచాడు.

"పద," అన్నారు నాతో.

ఇంకా అవలేదంకుల్, ఆగండి అని నేనంటున్నాను. ఆ గోలలో ఆయన చెవి మిషనుకి అరుపులు తప్ప ఇంకేం అందుతాయి? ఆయన పెదాలు మాత్రం కనబడుతున్నాయి, వద్దు వద్దు అంటున్నట్టు. కర్ర ముందుపెట్టి నడవటం మొదలుపెట్టారు. పడిపోతారేమోనని కుర్చీ అక్కడే వదిలేసి నేను చెయ్యి పట్టుకున్నాను. ఆగుతూ, గాలి పీల్చుకుంటూ, ద్రాక్ష వరసలు దాటి, కొండ అవతలి వాలు దిగి, కార్లు నిలిపిన పచ్చికబయలు చేరాం. అరుపులు హఠాత్తుగా ఆగిపోయాయి. కొండకి అవతలినుంచి పియానో వినిపించింది.

అంకుల్ నిలబడిపోయారు.

"అదేనా?"

"అదే."

ఆయన నా వైపు తిరిగారు. అప్పుడు చెప్పాను. ఇక్కడి పద్ధతే అదని. అన్నిటికన్నా మంచి పాట దాచిపెట్టుకుని, వెళ్ళిపోయినట్టు వెళ్ళి, అడిగించుకుని వచ్చి పాడతారని. అది ముందే అనుకున్నదేననీ, ఆ జనానికీ తెలుసు, ఆ పిల్లకీ తెలుసుననీ.

"నలభై ఏళ్ళనుంచీ ఈ దేశంలో ఉన్నాను," అన్నారు. "ఒక్క కచేరీకి వెళ్ళిన పాపాన పోలేదు."

పదండి, వెనక్కి వెళ్దాం, ఇంకా చాలా ఉంది పాట అన్నాను. ఆయన మేము దిగివచ్చిన వాలు వైపు ఒకసారి చూశారు. తల అడ్డంగా ఊపారు. మోసుకెళ్తానన్నాను. నీ కోతలు ఇప్పుడొద్దన్నారు. అది కోత కాదు. నిజంగానే అన్నాను.

వెనక తొట్టి ఉండే యూట్ బండి, ఎవరిదో దుమ్ముకొట్టుకుపోయినది ఉంటే దాని బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. చుట్టూ ఖాళీ కార్లు, మేమిద్దరం. గాలి ఇటు తిరిగినప్పుడు మాటలు తెలిశాయి, అటు తిరిగినప్పుడు ఉత్త గొంతే. మాటలు అయిపోయాయి. రాగం మొదలైంది. ఆయన గడ్డం లేచింది, టోపీ తాడు బిగుసుకుంది. చర్మం కింద గొంతు కదులుతోంది. పై స్థాయికి వెళ్ళేచోట ఊపిరి బిగబట్టారు. ఆ పిల్ల అక్కడికి వెళ్ళింది, నిలిచింది, మన రికార్డులో లేనంతసేపు నిలిచి, ఎక్కడా చినగకుండా, మెట్టు మెట్టుగా దిగివచ్చింది.

"బాగుంది," అన్నారు. "గొంతు బాగుంది."

కొండ మళ్ళీ అరిచింది. ఆయన చెయ్యి బానెట్ మీద బిగుసుకుంది. మేమిద్దరం కొండ వైపే చూస్తూ నిలబడ్డాం. అరుపులు చప్పట్లయ్యాయి, చప్పట్లు పలచబడ్డాయి, ఎక్కడో ఒక ఈల వినిపించి ఊరుకుంది. పియానో మళ్ళీ మొదలవలేదు. కాసేపటికి దుప్పట్లు చంకన పెట్టుకుని, నవ్వుకుంటూ, మొదటి మనుషులు వాలు మీద కనిపించారు.

"పంపించేశారు," అన్నారు అంకుల్. "మంచివాళ్ళు."

కారు తలుపు తెరిచి పట్టుకున్నాను. ఆయన ఎక్కలేదు. కొండ దిగి తమ తమ కార్ల కోసం వెతుక్కుంటున్న వాళ్ళలో ఒక్కొక్కరికీ టోపీ అంచు తాకి నమస్కారం పెడుతూ, చివరి మనిషి వెళ్ళేదాకా అక్కడే నిలబడ్డారు.